మూడువందల అరవై నాలుగు

"తీశావా? ముక్క నాకు కనపడనీయకు. తొడ కింద పెట్టుకో," అన్నాడు స్టోర్‌కీపరు.

ఓడ అధికారి ముక్క దాచుకుని నవ్వాడు. "ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను మాస్టారూ. కొత్తవాడికి చెప్పినట్టు చెబుతారేంటి?"

సరుకు ఓడలో చిన్నాపెద్దా అందరూ స్టోర్‌కీపర్ని మాస్టారనే పిలుస్తారు. కాగితం ముట్టకుండా లెక్కలు కట్టేవాడు మరి. పేకముక్కలతో అతను చేసే గారడీలో కూడా చేతివాటం ఏమీ లేదు, ఉన్నదంతా కూడికే. ఆసు ఒకటి, జాకీ పదకొండు, రాణి పన్నెండు, రాజు పదమూడు. యాభైరెండు ముక్కలూ కలిపితే మూడువందల అరవై నాలుగు. ఎవరైనా ఒక ముక్క తీస్తే, మిగిలినవి గబగబా మనసులో కూడి, ఎంత తగ్గిందో చెప్పేస్తాడు. ఓడలో ఏనాడూ తప్పలేదు.

ఆరు నెలల క్రితం ఇనపకొక్కెం తలకు తగిలి ఇంటికి వచ్చాడు. గాయం మానింది. లెక్క మిగిలిందో లేదో చూడడానికే అధికారి వచ్చాడు.

"ఇది సరిగ్గా చెప్పండి చాలు. బుర్ర భేషుగ్గా ఉందని రాసేస్తాను. గురువారం ఓడ కదులుతుంది."

"మళ్లీ ఎప్పుడొస్తుంది?" వంటింట్లోంచి స్టోర్‌కీపరు భార్య అడిగింది.

"పదకొండు నెలలకి వదినా."

వంటింట్లో గిన్నెల చప్పుడు పెద్దదైంది.

"నేను ఎప్పుడు పోతానా అని చూస్తోందయ్యా ఇది," అన్నాడు అతను. "డబ్బాలకి చీటీలు అంటించానని ఒకటే సణుగుడు."

"ఉప్పుడబ్బా మీద 'నిల్వ రెండు కిలోలు, తనిఖీ అయినది' అని రాస్తే సణగరా మరి?" అంది ఆమె లోపలినుంచే.

అధికారి పగలబడి నవ్వాడు. అతనూ నవ్వాడు గానీ, వెంటనే గొంతు తగ్గించి, "నన్ను తీసుకుపో. మంచం ఊగకపోతే నాకు నిద్ర పట్టడం లేదు," అన్నాడు.

పెళ్లయి ఇరవై ఆరేళ్లు. అతను ఇంట్లో ఉన్న రోజులన్నీ పోగేస్తే నాలుగేళ్లు నిండవు. ఆ లెక్క ఆమె కట్టింది.

అతను ముక్కలు ఒక్కొక్కటే బల్లమీదికి దించడం మొదలుపెట్టాడు. పెదవులు కదలలేదు. ఆఖరి ముక్క దించి, "పది," అన్నాడు.

అధికారి ముక్క తిప్పి చూపించాడు. ఏడు.

"అదేంటి? నిన్న మా ఆవిడ ముక్క తీస్తే ఆరుసార్లు చెప్పాను. ఒక్కటీ తప్పలేదే!"

ఆమె తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అతను ఏడును కట్టలో కలిపాడు. ఎక్కడ తప్పాడో వెతుక్కుంటున్నట్టు ముక్కలన్నీ మొదటినుంచి చూసుకుంటూ వచ్చాడు. ఈసారి తొందరపడలేదు. అంతా అయ్యాక తలెత్తి భార్యవైపు చూశాడు. ఆమె తువ్వాలుతో చేతులు తుడుచుకుంటోంది. చేతులు ఆరిపోయినా తుడుచుకుంటూనే ఉంది.

"ఇంకొకటి తియ్యి," అన్నాడు అధికారితో.

రెండోసారి చాలాసేపు పట్టింది. సగంలో ఆగాడు. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

"ఎనిమిది."

అధికారి తొడ కింద ఉన్నది ఐదు.

"చాలు. ఇంక ఆయన్ని అడగకండి," అంది ఆమె.

అధికారి ఐదును కట్టమీద పెట్టాడు. "మాస్టారూ, నడిసముద్రంలో ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో..."

"నాకు చెప్పకు. నీ చోట నేనున్నా కుదరదనే రాస్తాను."

"రేవు గోదాములో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. లెక్కలన్నీ కంప్యూటరే చూసుకుంటుంది. పక్కన ఒక పెద్దమనిషి ఉండాలంతే."

"దానికి తోడు కూర్చోవాలా?"

"కూర్చుని తిడుతూ ఉండండి."

అలాగేనన్నాడు అతను. అధికారి అతని భుజం గట్టిగా పట్టుకుని, వదిలి, వదిన ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

వీధి మలుపులో కారు కనుమరుగయ్యేదాకా అతను గుమ్మం దగ్గరే ఉన్నాడు. తిరిగొచ్చి చూస్తే ఆమె బల్లకి ఆనుకుని ఏడుస్తోంది.

"పొద్దున వెళ్తాను, చీకటి పడేలోగా వచ్చేస్తాను. దానికి ఏడుపెందుకే?"

"అది కాదండీ. సముద్రమంటే మీకు ప్రాణం కదా. నేను... నేనొక మాట చెప్పాలి."

"ఇరవై ఆరేళ్లు సముద్రమే చూశాను. చాల్లే."

అతను ముక్కలు పోగుచేసి, అంచులు సరిచేసి, అట్టపెట్టెలోకి దించాడు. మూత వేయకుండా పెట్టెను ఆమెవైపు జరిపాడు.

"నువ్వు దాచిన ఇస్పేటు మూడు కూడా ఇందులో పెట్టెయ్."