పెట్టె ఒప్పుకోని కారణం

లైసెన్సులు వచ్చాక మా లాడ్జిలో ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళను పోలీసులు కొట్టడం మానేశారు. నెలనెలా డాక్టరమ్మ కూడా వస్తోంది. కానీ సర్కారు ప్రతి గది తలుపుకూ ఒక మాట్లాడే పెట్టె బిగించింది. వచ్చినవాణ్ణి వద్దంటే, ఎందుకు వద్దో దానికి చెప్పాలి. నేనక్కడ కాపలావాణ్ణి.

నిన్న మధ్యాహ్నం ఒకడొస్తే, ఆ ఆడవాళ్ళలో ఒకతైన పైడితల్లి వాణ్ణి గుమ్మంలోనే ఆపేసింది.

"ఈడు నాకొద్దు. ఇష్టం నేదు."

"ఇష్టం లేదన్నది కారణాల్లో లేదు," అంది పెట్టె. "జ్వరమా? నెలసరా? అతను తాగి ఉన్నాడా?"

"ఇష్టం నేదంటే తెలీదేటే నీకు, రేకుడబ్బా?"

వాడు నవ్వాడు. "సర్కారే రమ్మందే నన్ను. తప్పుకో."

ఆమె నావైపు తిరిగింది. "తాతా, లైసెన్సులు రాకముందు పోలీసోలు తన్నీవోరు. అయినా నాను వద్దంటే వద్దే."

వాడు లోపలికి అడుగు వేశాడు. ఆమె చెప్పు తీసి వాడి మూతి పగలగొట్టింది.

"లైసెన్సు రద్దయింది. ఇక ఈమె ఇక్కడుండటం నేరం," అంది పెట్టె.

పోలీసులొస్తే గేటు తీసింది నేనే. పాతరోజుల్లాగే ఆమెను జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయారు. పెట్టె వాడికి క్షమాపణ చెప్పి, పక్కగది తలుపు తీసింది.