చెరి సగం

నెలలో ఆ ఒక్క రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు.

ఆఫీసు కింది అంతస్తులో కిటికీ లేని గది. రెండు కుర్చీలు, రెండు కంప్యూటర్లు, మధ్యలో చెక్క అడ్డు. ప్రజల జబ్బులు, భూములు, వేలిముద్రలు అన్నీ సర్కారు క్లౌడ్‌లో దాచింది. పేరుకే క్లౌడ్. మబ్బూ లేదు, గిబ్బూ లేదు. ఎక్కడో ఊరవతల చల్లటి గదుల్లో గుర్రుమనే మిషన్లు. వాటిని తెరిచే రహస్య సంకేతంలో సగం భూముల శాఖ తరఫున ఆయన దగ్గర, సగం ఆరోగ్య శాఖ తరఫున ఆమె దగ్గర ఉంటుంది. ఒకరి సగం ఒకరికి తెలియకూడదు. నెలకోసారి ఇద్దరూ వచ్చి మార్చాలి.

కొత్త సగాలు టైపు చేశాక మిషన్ ఒక పట్టాన ఒప్పుకోదు. ఆ కాసేపే ఆయనకు పండగ.

"దగ్గు ఇంకా తగ్గలేదు కదూ?" అన్నాడు.

"మందు మార్చారు. మీకూ నిద్ర సరిగ్గా లేదుగా" అందామె, అడ్డు అవతలి నుంచి.

ఆ మాటకే ఆయన గుండె తేలికపడింది. మిగతా రోజుల్లో ఆయనతో మాట్లాడేది టీవీ ఒక్కటే.

ఈసారి తనిఖీ అధికారి కూడా వచ్చాడు.

"ఆఫీసు బయట మీ ఇద్దరికీ మాటలున్నాయా?"

"ఒక్కటీ లేదు సార్" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"భేష్! తాళం దగ్గరున్నవాళ్లు అలాగే ఉండాలి. అన్నట్టు, వచ్చే నెల నుంచి ఈ గది ఎత్తేస్తున్నాం. ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఫోన్‌లో కొట్టేయొచ్చు."

ఈ గది కూడా పోతే ఆయనకు ఇంకేం మిగులుతుంది?

"ఇంట్లో కుదరదు సార్" అన్నాడు.

"ఏం? ఇంట్లో ఎవరుంటారు?"

ఆయన నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"నాకూ కుదరదు సార్. అంత గుట్టు ఇంట్లో దాగదు. గది ఉంచండి."

అధికారి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "మీ చాదస్తం పాడుగానూ! సరే, ఉంచుతాం లెండి."

ఆయనకు సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

"వచ్చే నెల కలుద్దాం మేడమ్."

"అలాగేనండీ."

సాయంత్రం ఆయన ఇల్లు చేరేసరికి, ఆమె దగ్గుతూనే ఎప్పటిలాగే ఆయన వంతు వంట మూతపెట్టి, ఒక్క మాటా లేకుండా తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.