చెంప కణాలు

రిటైరయ్యే రోజున జీవశాస్త్రం మాస్టారు ఆఖరి పాఠం చెప్పారు. "కణాన్ని మొట్టమొదట చూసినాయనకి దొరికింది చచ్చిన బెరడు ముక్కర్రా! అందులో అరలు ఖాళీగా కనిపించాయని సెల్, అంటే గది, అని పేరు పెట్టేశాడు. లోపల కాపురముండే ప్రాణం సంగతి తర్వాతివాళ్ళు కనిపెట్టారు."

క్లాసు భక్తిగా ఆవులించింది.

పాఠమయ్యాక ల్యాబ్ అటెండరు పాత స్లైడ్లను చెత్తబుట్టలో గుమ్మరించబోయాడు. మాస్టారు తన మోకాళ్ళను సంప్రదించకుండానే దూకి ఒకటి లాక్కున్నారు.

"చెంప కణాలే కదండీ! పుల్లతో మీ చెంప లోపల గీకితే నిమిషంలో కొత్తది తయారు."

"ఇది మా ఆవిడ చెంప. పోవడానికి ఏడాది ముందు తీశాను. పుల్ల పెడితే చక్కిలిగింతని ఒకటే నవ్వు."

మాస్టారు స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి కన్ను ఆనించారు.

అటెండరు గొంతు తగ్గించాడు. "అమ్మగారు కనిపిస్తున్నారా సార్?"

మాస్టారు కన్ను తీయకుండానే అన్నారు. "గదులు కనిపిస్తున్నాయయ్యా."