ఆరో నంబరు

"మీ పాప పొడుగుంటే సరిపోతాదా జగదీషూ? ఆరో నంబరంటే జెండాకర్ర కాదప్పా, ఊరికే నిలబెట్టేదానికి."

శామ్యూల్ ఆ మాట అన్నది జగదీష్ ఇంట్లోనే, జగదీష్ వేసిన కుర్చీలో కూర్చునే. హిందూపురం గ్రౌండులో పొద్దున ట్రయల్స్ అయిపోయాయి. భారత మహిళల రగ్బీ జట్టులో ఇంకా ఒక్క స్థానమే మిగిలింది. బ్లైండ్‌సైడ్ ఫ్లాంకర్, అంటే ఆరో నంబరు. ఆ పేరు తేల్చి పంపాల్సిన వాళ్లు ముగ్గురు: ధర్మవరం కోచ్ శామ్యూల్, హిందూపురం కోచ్ జగదీష్, ఇద్దరికీ పెద్దగా రామచంద్రయ్య. పోటీలో ఉన్నది మాత్రం ఇద్దరే. ఒకరు శామ్యూల్ దగ్గర ఆట నేర్చిన హారిక. ఇంకొకరు జగదీష్ సొంత కూతురు కీర్తన.

"ఏం మాట్లాడతాండావబ్బా," అన్నాడు జగదీష్. "గీత అవతల నుంచి బంతి విసిరితే ఎగిరి అందుకునేదెవరు? మీ హారిక ఎంత ఎగిరినా నా భుజానికి రాదు."

"అందుకునేదానికి ఇంకా నలుగురుండారు. ఆరో నంబరు పని అడ్డం పోయి పడగొట్టేది. పొద్దున హారిక పందొమ్మిది మందిని పడగొట్టింది. మీ కీర్తన?"

జగదీష్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏడుగుర్ని. నేను లెక్కబెట్టినా. ఆ తర్వాత నడుం మీద చేతులు పెట్టుకోని నిలబడిపోయింది. హారిక ముక్కులో నెత్తురు కారతాన్నా లేచి మళ్లా పోయింది. ఆరో నంబరు ఆడేది గీతకు దగ్గరుండే ఇరుకు పక్క. ఆడ ఏం జరుగుతాండేదీ జనాలకు కనపడదు. చప్పట్లు కొట్టేవాడుండడు. ఆడ ఆడేదానికి అట్లాంటి పిల్లే కావాల. మనసు మీద చెయ్యేసుకోని చెప్పు."

జగదీష్ మొహం మాడిపోయింది. శామ్యూల్‌కు ఏ మాత్రం జాలి వేయలేదు. హారిక నాయన రంగప్ప పెనుకొండ పక్కన రైతు. ఈసారి పేరు రాకపోతే సోమవారం నుంచి గార్మెంట్స్ ఫ్యాక్టరీ బస్సెక్కాల్సిందేనని కూతురికి తెగేసి చెప్పాడు. అదే జరిగితే నాలుగేళ్ల కష్టం మట్టిలో కలిసిపోతుంది.

రామచంద్రయ్యకు విసుగొచ్చింది. "గంట నుంచి ఇదే పాటాయె. చీటీలు రాయండి. రెండిట్లో ఒకే పేరుంటే ఆ పిల్ల పోతాది. వేరువేరుగా ఉంటే ఇద్దరూ వద్దు, పోయినేడు ఆడిన పిల్ల పేరే పంపిస్తా. మీ పంచాయితీ నేను చేయలేను."

"ముందు అన్నానికి లేయండి," అంటూ జగదీష్ భార్య నాగరత్న పిలిచింది.

రాగి సంగటి, పప్పు, ఊరిబిండి పచ్చడి. జగదీష్ సగం తిని చెయ్యి కడుక్కున్నాడు. రామచంద్రయ్య ఫోనొస్తే బయటికి వెళ్లాడు. నాగరత్న శామ్యూల్‌కు ఇంకో ముద్ద వేసింది. వద్దంటున్నా నెయ్యి పోసింది.

"అన్నా, ఆయప్ప కొట్లాడతాడు గానీ నిన్ను బతిమాలడు. అందుకే నేనడుగుతాండా. మా పాపకు ఇదే ఆఖరి అవకాశం. నీ చెల్లెలు అడిగిందనుకో."

శామ్యూల్ ముద్దను పప్పులో అద్దాడు. ఆమె వడ్డించిన కూడు తింటూ, ఆమె కూతురు పనికిరాదని ఏ నోటితో చెప్పాలి? "చూద్దాంలేమ్మా," అన్నాడు. మన వైపు 'చూద్దాంలే' అంటే సగం ఒప్పుకున్నట్టే. ఆమె కళ్లు తుడుచుకుని ఇంకాస్త నెయ్యి పోసింది. పాడు మొహమాటం. గ్రౌండులో ఎవడినీ లెక్కచేయని మనిషి గరిటె పట్టుకున్న చెల్లెలి ముందు నోరు కట్టేసుకున్నాడు.

చీటీ చేతికొచ్చాక శామ్యూల్ చాలాసేపు ఆలోచించాడు. జగదీష్ కూతురి పేరే రాస్తాడు, కన్నతండ్రి, అందులో అనుమానమేముంది? తాను హారిక అని రాస్తే ఇద్దరికీ పోతుంది, పోయినేడు పిల్ల ఎగరేసుకుపోతుంది. కీర్తన అని రాస్తే మన వైపు నుంచి ఒక్క పిల్లయినా వెళుతుంది. ఇలా తన మనసుకు తానే సర్దిచెప్పుకున్నాడు. న్యాయం చేసేవాడికి ఇన్ని లెక్కలు అక్కర్లేదన్న సంగతి అతనికి తెలియక కాదు. 'కీర్తన' అని రాసి, మడిచి ఇచ్చేశాడు. హారికకు ఏం చెప్పుకోవాలో తెలియక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

జగదీష్ కూడా చీటీ ఇచ్చాడు.

రామచంద్రయ్య రెండూ విప్పి, పైనున్న పేర్లు మాత్రం చూసి తల పంకించాడు. "నేను ముందే అనుకొంటి. చెరొక పేరు. ఒక్కరన్నా దిగిరాకపోతిరి." అప్పటికప్పుడే ఢిల్లీకి ఫోన్ చేశాడు. "ఆరో నంబరు పాత పిల్లేనండీ. ఆ, ఖాయం. రాసేసుకోండి."

చెరొక పేరా? శామ్యూల్ దిగ్గున లేచాడు. జగదీష్ కూడా లేచాడు. శామ్యూల్ మొహంలోకి కాసేపు అట్లాగే చూశాడు. తర్వాత లోపలికి వెళ్లిపోయాడు.

"పట్టించుకోవద్దు శామ్యూల్. నాలుగు దినాలు పోతే కోపం తగ్గుతాది," అంటూ రామచంద్రయ్య చెప్పులేసుకున్నాడు.

చీటీలు బల్ల మీదే ఉన్నాయి. ఒకటి తనది. శామ్యూల్ రెండోది చేతిలోకి తీసుకుని, పేరు కింద సన్నగా రాసిందాంతో సహా చదివాడు.

"హారిక. శామ్యూల్ మాటే న్యాయం. ఇట్లు, జగదీష్."