ఏడో నంబరు గైడు

"ఈయనకేం తక్కువమ్మా?" బుకింగ్ గుమస్తా పెన్ను బల్ల మీద పడేశాడు. "మొన్నటాయన మరీ జోరుగా నడుస్తాడన్నావు. నిన్నటాయన సిగరెట్లు కాలుస్తాడన్నావు. ఈయన సిగరెట్టు ముట్టడు, నింపాదిగా నడుస్తాడు. అడవంతా కొట్టినపిండి. ఇంకేం కావాలి?"

"ఈయన మరీ ఎక్కువ మాట్లాడేలా ఉన్నారు సార్."

పక్కనే నిలబడ్డ గైడు, పాపం, అప్పటిదాకా నోరే విప్పలేదు.

కౌంటరు వెనక గోడకి పన్నెండు మేకులు, వాటికి పన్నెండు చెక్క బిళ్ళలు. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో గైడు నంబరు. మొదటి మేకుకున్న గైడుతోనే అడవిలోకి వెళ్ళాలి. వద్దంటే మర్నాటిదాకా ఆగాలి. ఆ అమ్మాయి నాలుగు రోజులుగా ఆగుతూనే ఉంది. వీపు మీద పెద్ద బ్యాగు, చేతిలో రెయిన్‌కోటు, జలగలు పట్టకుండా మోకాళ్ళదాకా మేజోళ్ళు, అన్నీ సిద్ధం. చూపు మాత్రం ఆఖరి మేకు మీద, ఏడో నంబరు బిళ్ళ దగ్గరే.

"ఆయన ఇవాళా రాలేదా?" అంది.

"రోజూ ఇదే పాట! రానివాడి బిళ్ళ ఆఖరికి పోతుందని చెప్పానుగా. ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు నాగా పెట్టని మనిషి, సరిగ్గా నువ్వొచ్చిన మర్నాటినుంచీ మాయం. అంత పట్టుదలేంటమ్మా, ఆయన కోసం?"

"ఇవాళ బయల్దేరకపోతే నాకు సెలవు చాలదు సార్" అంది. ఆ మాటకే కళ్ళు నిండిపోయాయి. "ఆయన మా నాన్న."

గుమస్తా గైడు వైపు తిరిగాడు. "నువ్వెళ్ళి టీ తాగి రావయ్యా" అని గైడుని బయటికి పంపేశాడు.

"నాకింకా నడక రాకముందే వెళ్ళిపోయారట. మళ్ళీ రాలేదు. ఎలా ఉంటారో కూడా తెలీదు, ఫోటో లేదు. ఇక్కడ ఏడో నంబరు గైడని పోయినేడాదే తెలిసింది."

"దులిపేద్దామని వచ్చావా?"

"లేదు సార్. ఫలానా అని చెప్పను కూడా చెప్పను. ట్రెక్కు మూడు రోజులూ ఆయన వెనకే నడవాలి. దారిలో 'జాగ్రత్తమ్మా, అక్కడ జారుతుంది' అని అందరికీ చెప్పినట్టే నాకూ చెప్తారుగా. ఆ ఒక్క మాట వినాలని ఉంది."

గుమస్తా కళ్ళజోడు తీసి తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది. "నువ్వొచ్చావని ఆయనకి తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? నేనెవరికీ చెప్పందే!"

బయట అప్పుడే వాన తెరిపిచ్చింది. టీ తాగొచ్చిన గైడు గుమ్మంలో నిలబడి ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆ అమ్మాయి ఆఖరి మేకు వైపు ఇంకోసారి చూసి, ట్రెక్కు పాసు మీద సంతకం పెట్టేసింది. "రాసిపెట్టి లేదు సార్. వచ్చినందుకు అడవైనా చూసి పోతాను" అని గైడు వెంట బయటికి నడిచింది.

గుమస్తా ఉసూరుమంటూ పాసుకి జత చెయ్యడానికి ఆమె ఫారం తీశాడు. వచ్చినవాళ్ళ ఫారాలన్నీ మొదటిరోజంతా గైడ్ల షెడ్డులో బోర్డుకి గుచ్చి ఉంచుతారు. ఎవరికి ఆయాసమో, ఎవరికి ఏ మందు పడదో గైడ్లు చదువుకోవాలిగా. ఫారం మధ్యలో తండ్రి పేరు గడి ఉంది. బళ్ళో చేరిన రోజు నుంచీ ప్రతి కాగితం మీదా రాసిన అలవాటున, ఇక్కడా గుండ్రంగా, తప్పుల్లేకుండా రాసేసింది పిచ్చి పిల్ల.

గుమస్తా గబుక్కున లేవబోయాడు.

"జాగ్రత్తమ్మా, అక్కడ జారుతుంది!"

ఆ గొంతు పక్క కిటికీ దగ్గర్నుంచి వచ్చింది. నాచు పట్టిన మెట్టు మీద కాలు పెట్టబోతున్న ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. "సరేనండీ" అని, అడుగు పక్కకి వేసి, గైడు వెనకే నడిచింది.

గుమస్తా తల తిప్పాడు. కిటికీ అవతల, ట్రెక్కులో ఆఖర్న నడిచే సామాను మనిషి. వీపు మీద గుడారం, వంట సామాను మూట. పాసులో తన గడి నింపమని చెయ్యి చాపి నిలబడ్డాడు.

"ఏడూ! నువ్వా?" గుమస్తా గొంతు తగ్గించాడు. "నీ బిళ్ళ ఆఖరి మేకుకి పోయిందెందుకో ఇప్పుడర్థమైంది. నాలుగు రోజులూ కూలీల వరసలో నిలబడ్డావా?"

"ఫారం చూసినప్పట్నుంచీ ఈ మూట కోసమే కాచుకున్నానండీ."

"పిచ్చివాడా! గైడువి, దర్జాగా ముందు నడవక ఈ మోత ఎందుకయ్యా?"

అతను మూట సర్దుకుని, దూరంగా వెళ్తున్న ఆ అమ్మాయి వైపే చూస్తూ అన్నాడు.

"ముందు నడిస్తే, నా కూతురి నడక నాకెలా కనిపిస్తుందండీ?"