నచ్చని మనుషులు

“ఇదీ ఒక సినిమానేనా మేడమ్?”

ట్యూబ్‌లైట్లు వెలగగానే కిరణ్ పాల్ లేచి నిలబడ్డాడు. “ఒక్కడంటే ఒక్కడు మంచోడు లేడు. తండ్రి రాక్షసుడు, కొడుకు తాగుబోతు, తల్లికి నోరే లేదు. ఆఖరికి ఆ కొడుకు మంచుల పడి సచ్చిపోతే పాపం అని కూడా అనిపియ్యలే. శనివారం అంతా ఖరాబ్!”

క్లాసంతా గొల్లుమంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇంజినీర్లు వాళ్లు. మాదాపూర్ బండల మధ్య కొత్తగా లేచిన ఆ అద్దాల మేడలో వాళ్లకు ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే టీచరు లీదియా. నెలకోసారి ఏదో ఒక సినిమా వేసి, దాని మీద మాట్లాడించడం ఆమె పద్ధతి. ఈసారి ఎక్కడిదో చలిదేశపు సినిమా తెచ్చింది. తనకు నచ్చిన పిల్లను చేసుకున్న కొడుకు, చాలా ఏళ్ల తర్వాత వచ్చి ఇంటి తలుపు తడతాడు. తండ్రి తియ్యనివ్వడు. అంతే కథ.

“మనుషులు నచ్చితేనే మంచి సినిమానా?” అంది లీదియా. “మంచివాళ్లను చూస్తే మనమూ మంచివాళ్లమే అనుకుని హాయిగా ఇంటికి పోతాం. ఇలాంటివాళ్లను చూసినప్పుడే, మనం ఎవరికి ఏం చేశామో గుర్తుకొస్తుంది.”

“మేమెవరికీ ఏం చెయ్యలే మేడమ్!” అన్నాడు కిరణ్ పాల్. మళ్లీ నవ్వులు.

లీదియా నవ్వలేదు. తనన్న మాట అసలు క్లాసు కోసం అన్నది కాదు. చివరి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్న తన భర్త సైమన్ కోసం అన్నది.

కూతురు జాయ్స్ దినేశ్‌ని పెళ్లి చేసుకుని వచ్చిన రోజున, నా గడప తొక్కొద్దని అరిచింది సైమనే. ఆ తర్వాత ఆ ఇంట్లో జాయ్స్ పేరు వినపడలేదు. మనవరాలు పుట్టిందని చర్చిలో ఎవరో చెబితే, లీదియా ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఆయనతో అనే ధైర్యం లేకపోయింది. తను చెప్పలేనిది సినిమా అయినా చెబుతుందేమోనని, ఊరికే తోడు రమ్మని ఆయన్ను వెంటబెట్టుకొచ్చింది.

ముందు వరసలోంచి పింకీ చెయ్యెత్తింది. “నాకైతే ఆ తండ్రి కంటే తల్లి మీదనే ఎక్కువ కోపం వచ్చింది మేడమ్. గొళ్లెం ఆమె పక్కనే ఉంది గదా!”

“మొగుడు అంత కోపం మీదుంటే ఆవిడేం చెయ్యగలదు?” లీదియా గొంతు ఒక్కసారిగా గట్టిగా పలికింది. తనకే సిగ్గనిపించి, మిగతాది సోమవారం మాట్లాడుకుందామని అందరినీ పంపేసింది.

ఇద్దరూ బయటికి వచ్చారు. ఎదురుగా బండలు పగలగొడుతున్న దుమ్ము రోడ్డు మీదికి కొట్టుకొస్తోంది. సైమన్ కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకుని నడుస్తున్నాడు.

“ఎలా ఉందండీ సినిమా?”

“బాగుంది.”

ఆ జవాబు ఆమె ఊహించలేదు. “ఆ తండ్రి ఎలా అనిపించాడు?”

సైమన్ నడుస్తూనే కర్చీఫ్ కిందికి దించాడు. “అరిచాడు. అరిచేవాడి కోపం ఎన్నాళ్లుంటుంది లీదియా? చల్లారాక ఆయనకు మాత్రం కొడుకును చూడాలనుండదా? కానీ ఇంట్లో ఇంకో మనిషి ఉంది. అన్నేళ్లలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, కొడుకు పేరు ఎత్తలేదు. తనకంటే ఆవిడ మనసే గట్టిదనుకున్నాడేమో పాపం.”

“గట్టిది కాదండీ...” లీదియా అక్కడే ఆగిపోయింది. “భయం. పేరెత్తితే ఆయన ఇంకా మండిపడతాడని భయం. పడుకునే ముందు కొడుకు కోసం ప్రార్థన చేసుకునేది. పైకి వినపడకుండా చేసుకునేది.”

“సినిమాలో అలా చూపించలేదే?”

“సినిమాలో చూపించలేదు.”

సైమన్ ఆమె మొహంలోకి చూశాడు. కర్చీఫ్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. రోడ్డు మీదికి వెళ్లి, పోతున్న ఆటోకు చెయ్యెత్తాడు.

“బోరబండ వస్తావా?”

జాయ్స్ ఉండేది బోరబండలోనే. “ఏమండీ, నిజంగానేనా?” అంది లీదియా.

“ఎక్కు.”

లీదియా ఎక్కి కూర్చుంది. ఒక్క సినిమాకు ఇంత శక్తి ఉంటుందా అనుకుంది. కిరణ్ పాల్‌కి సోమవారం చెప్పాలనుకుంది. అంతలోనే దిగులు పుట్టుకొచ్చింది.

“జాయ్స్ మనల్ని లోపలికి రమ్మంటుందంటారా? మిమ్మల్ని చూడగానే ఏమైనా అంటే, మీరు మాత్రం కోపం తెచ్చుకోకండి. ముందు నేను మాట్లాడతాను.”

“సరే” అన్నాడు సైమన్, బయటికి చూస్తూ.

రైల్వే స్టేషన్ దాటాక ఒక సందు మొదట్లో ఆటో దిగారు. లీదియా కొంగు సరిచేసుకుంది. మొదటి మాట ఏమనాలో మనసులో రెండు మూడు సార్లు అనుకుంది. అరుగు మీద ఒక చిన్నపిల్ల గిన్నెలో మట్టి కలుపుతూ కూర్చుంది. అచ్చం జాయ్స్ కళ్లే. ఆ పిల్లకు తామెవరో ఎలా చెప్పాలో తెలియక లీదియా తడబడి నిలబడిపోయింది.

పిల్ల తలెత్తింది. గిన్నె కింద పడేసి, పరుగున వచ్చి సైమన్ కాళ్లను వాటేసుకుని లోపలికి కేకేసింది.

“అమ్మా! ఇయ్యాల తాత ఒక్కడే రాలే!”