గోదాము గుడ్లగూబలు

గుడ్లగూబ ముక్కు చివర రక్తపు చుక్క ఎండిపోయి ఉంది. పశువుల డాక్టరు రెక్క ఎత్తి చూసి, నెమ్మదిగా దించాడు.

"ఎలుకల మందు," అన్నాడు. "ఇది నేరుగా తినలేదు. మందు తిన్న ఎలుకని తిన్నది. లోపలంతా రక్తం కారిపోయింది."

కార్యదర్శి పళ్లు బిగించింది. ఊళ్లో పక్షుల్నీ జంతువుల్నీ కాపాడే ప్రకృతి సంఘానికి ఆమె కార్యదర్శి. మొన్న మగది పోయింది, ఇవాళ ఆడది. విత్తనాల గోదాములో, పైకప్పు దూలాల మీద వాటి పిల్లలు రెండున్నాయి. ఇంకా ఎగరడం రాదు. ఊరు మొత్తానికి తెల్లమొహం గుడ్లగూబలంటే ఇక ఆ రెండే.

ఆ గోదాము ఆమె సొంత తమ్ముడిది.

చచ్చిన పక్షిని అట్టపెట్టెలో పెట్టుకుని నేరుగా అక్కడికే వెళ్లింది. తమ్ముడు బస్తాలు తూయిస్తున్నాడు. పెట్టెను కాటా మీద ధడేల్న పెట్టింది.

"నాలుగు గింజల కోసం రెండు ప్రాణాలు తీశావు. కడుపు నిండిందా?"

తమ్ముడు పెట్టెలోకి చూశాడు. అతని మొహం మాడిపోయింది. మందు తన గడప తొక్కలేదన్నాడు. ఈ పిట్టలున్నాయనే పిల్లిని కూడా రానివ్వడం లేదన్నాడు. ఆమె వినిపించుకోలేదు. బస్తాల సందులు వెతికింది, నిచ్చెనెక్కి అటక వెతికింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి ఒళ్లు ఇంకా మండిపోయింది. తను వస్తుందని తెలిసే అంతా ఊడ్పించేశాడంది.

"అమ్మ మీద ఒట్టు అక్కా."

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు."

"నీకు రెక్కలుంటేనే చుట్టాలు. మనుషులు పనికిరారు."

"రెక్కలున్నవి అబద్ధాలాడవురా."

అక్కడే నిలబడి అధికారులకు ఫోన్ చేసింది. మధ్యాహ్నానికల్లా వాళ్లు వచ్చారు. విచారణ తేలేదాకా గోదాము తెరవకూడదన్నారు. విత్తనాల కోసం వచ్చిన రైతులు గొణుక్కుంటూ వెనక్కి తిరిగారు. సరిగ్గా నాట్ల సమయంలో నోటి దగ్గర కూడు లాగేశావని తమ్ముడు అరిచాడు. ఆమె దూలం మీది పిల్లల్ని బుట్టలోకి దింపించింది.

అది చూసి తమ్ముడి గొంతు మారిపోయింది. "తాళం వేయించావు, వేయించుకో. పిల్లల్ని మాత్రం నాకు వదిలెయ్. నేను బతికించుకుంటాను."

"నీ చేతికా?" అంది. "అక్కా అని ఇంకోసారి పిలవకు."

సంఘం హాలు గోదాముకు గోడ అవతలే. హాలు చుట్టూ బీరువాల్లో, గడ్డి కూరి నిలబెట్టిన పాత పక్షులున్నాయి. వాటి బాగోగులు చూసే పెద్దాయన్ని అందరూ గాజుకళ్ల మాస్టారంటారు. కొంగ కాళ్లు ఎలుకలు కొరికేస్తున్నాయని ప్రతి సమావేశంలోనూ ఆయనది ఒకటే గోల. ఆమె బుట్టను ఆయన ముందు పెట్టి, వీటి ప్రాణాలు ఇక మీ చేతుల్లోనే ఉన్నాయని చెప్పి, తమ్ముడి మీద కేసు పెట్టడానికి వెళ్లింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి పిల్లలు రెండూ కళ్లు మూసుకుని, పొట్టలు ఉబ్బించుకుని ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. ఒకదాని నోట్లోంచి ఎలుక తోక ఇంకా వేలాడుతోంది.

పొద్దున్నుంచీ మొదటిసారి ఆమె మొహంలో కోపం సడలింది.

"పొట్ట పట్టనంత పెట్టినట్టున్నారే, మాస్టారూ. ఈ వయసులో అన్ని ఎలుకల్ని ఎలా పట్టారు?"

మాస్టారు సిగ్గుపడుతూ నవ్వాడు.

"పట్టడమెందుకమ్మా, మందు పెట్టాంగా."